ఎడమకి లాగే బండి

"ఆ టేపు సాగిపోయిందంటే వినవేటి బావా," అని అప్పటికి మూడోసారి అన్నాను. "పదేళ్లుగా జాకెట్లు కొలిచిన టేపది. పావంగుళం పొడుగైపోయింది. దాంతో బండి కొలిస్తే లెక్క తప్పదా?"

"తప్పితే రెండు సోట్లా ఒకలాగే తప్పుతాది," బండి కిందనుంచి బావ గొంతు వచ్చింది. "నాకు కొలత అక్కర్లేదే గౌరీ. తేడా కావాల. ముందు సక్రాల మధ్య ముందంచు కాడ ఎంతుంది, ఎనకంచు కాడ ఎంతుంది, ఆ రెంటికీ తేడా ఎంత. టేపు సాగినా తేడా సాగదు."

"మొగుడూ పెళ్లాలు టేపు కాడ దెబ్బలాడుకుంటే నన్నెందుకురా ఈ డబ్బాలో కూకోబెట్టేరు?" వెనక సీట్లోంచి మా అత్త చిలకమ్మ. ఒళ్లో చేట, చేటలో చిక్కుడుకాయలు. "ఇది నాలుగో ఆదివారం. బండి కదల్దు, నాను దిగను. ఈదిలోవోళ్లు సూస్తే ఏటనుకుంతారు?"

"నువ్వు బరువుకే అమ్మా. మనుషులెక్కినప్పుడు బండి ఎంత కిందకి దిగుతాదో అంతలో ఉంచి కొలవాల. నువ్వు దిగితే లెక్క మారిపోద్ది."

"ఒరే సూరీ, ఇన్నావురా మీ అన్న మాట! కన్నతల్లి బరువంట!"

స్టీరింగు ముందు కూర్చున్న మరిది అప్పలసూరి కిసుక్కున నవ్వాడు. పక్కన మా తాయారు పుస్తకంలోంచి తలెత్తకుండా "నానమ్మా, ఊగకు. నాన్న మళ్లీ మొదట్నుంచి కొలుస్తారు," అంది.

టేపు సంగతిలో బావదే రైటు. నాకు చప్పున వెలగలేదు గాని, రైటే. సాగిన టేపు అన్నిచోట్లా సాగినట్టే చెప్తుంది, తేడా మాత్రం నిజమే చెప్తుంది. అంత చురుగ్గా ఆలోచించిన మనిషి బుర్రకేమీ కాలేదని ఒక్క క్షణం గుండె కుదుటపడింది. మళ్లీ ఆ వెంటనే, బుర్ర మాట ఎవరడిగారు, నేను చూడవలసింది చేతిని కదా అనుకున్నాను. బంపరు ముందు ముక్కాలి పీట మీద కూర్చుని దారం కొస రెండు చేతులా బిగలాగి పట్టుకున్నాను. రెండో కొస వెనక చక్రం అవతల స్టూలు కాలికి కట్టి ఉంది. దారం వెనక టైరుని రెండు అంచులా తాకుతూ, బండి ఎడమ పక్క పొడుగునా వచ్చి, ముందు చక్రం పక్కనుంచి నా చేతుల్లోకి వస్తోంది. ముందు చక్రం ఆ దారం గీతకి ఎంత పెడగా నిలబడిందో చూసి, కింద టై రాడ్ అనే ఇనపకడ్డీని తిప్పి సరిచెయ్యాలి. మా సీతమ్మధారలో ఏ వీధి చూసినా వాలే, పోసిన నీళ్లు పోసినట్టే కొండ దిగిపోతాయి. మా గుమ్మం ముందు సిమెంటు చప్టా ఒక్కటే బల్లపరుపు. బావ మొదటి ఆదివారమే చెంబుడు నీళ్లు పోసి, అవి ఎటూ పోకుండా మడుగు కట్టాక, బండిని దానిమీదికి నెట్టించాడు. ఆ తర్వాత ఎవరి జాగాలో వాళ్లని ఎక్కించాడు. బావ జాగాలో స్టీరింగు పట్టుకుని సూరి, పక్కన తాయారు, వెనక అత్త. అత్త పక్కన బియ్యం బస్తా. ఆ బస్తా నేను. దారం పట్టుకోవలసిన మనిషిని కనక నా బదులు బస్తా ఎక్కింది.

ఇంతమందినీ ఎక్కించి బావ తేల్చుకోవాలనుకుంటున్నది ఒకటి, నేను తేల్చుకోవాలనుకుంటున్నది ఇంకొకటి. బండి ఎడమకి లాగుతోంది, అది అందరికీ తెలుసు. లాగుతున్నది బండేనా, లేకపోతే బావేనా అన్నది నాకు తెలియాలి. ఇవాళ తెలియాలి. రేపు సోమవారం, పొద్దున్న ఆరుకి డ్యూటీ, ఆరుంపావుకల్లా ఆయన పోర్టులో క్రేన్ మెట్లెక్కి ఆకాశంలో కూర్చుంటాడు.

బరువుని గాల్లోకి లేపి, ఓడ అంచు దాటించి, కింద నిలబడ్డవాళ్లు చెయ్యి చూపించిన చోట దించడం ఆయన పని. పెళ్లైన కొత్తలో ఒకసారి, ఆయన ఎక్కే క్రేన్ అది అని దూరంనుంచి చూపించారు. కొంగ మెడలా ఉంది. అంత పొడుగు మెడని ఈ పొట్టిమనిషి తిప్పుతాడా అనుకున్నాను. అగ్గిపెట్టె మీద బస్తా దింపమంటే దింపుతాడని తోటివాళ్లు చెప్పుకునేవారు. కుడి చేత్తో హుక్కు ఎత్తడం, దించడం, ఎడమ చేత్తో మెడ తిప్పడం. ఇరవైరెండేళ్లు. రాత్రి నిద్దట్లో కూడా ఎడం చెయ్యి మెల్లగా కదిలేది, దుప్పటి మీద, ఏదో తిప్పుతున్నట్టు. ఈమధ్య కదలటం లేదు. నేను ఎదురుచూసి చూసి నిద్రపోతున్నాను.

"గౌరీ, దారం వదులైపోతంది."

బిగించాను. నైలాను దారం, వేళ్లు కోస్తోంది. జాలరిపేటనుంచి చేపలు తెచ్చే పోతమ్మని వలలల్లే దారం తెచ్చిపెట్టమని బావే చెప్పాడు, నూలుదారం ఎండకొకలాగ మంచుకొకలాగ ఉంటుందని. ఇవాళ పొద్దున్నే తెచ్చింది. తట్ట దించుకుని, ఎందుకమ్మా ఇంత దారం అని అడిగితే, బండి ఎడమకి పోతోంది, సరిచేసుకోవాలట అని చెప్పాను. పోతమ్మ దారం ఉండ నా చేతిలో పెట్టబోయి ఆగిపోయింది. "మా ఇంటోడు గురువులూ అలగే అనీవోడమ్మా," అంది. "పడవ ఓపక్కకి లాగీస్తంది, సుక్కాని సెక్క మంచిది కాదు అని. సెక్కించేడు. మళ్లీ సెక్కించేడు. ఆకరికి కొత్త సెక్కే ఏయించేడు. ఓరోజు నీటిమీద ఉండగానే మూతి వంకరెట్టీసింది, సెయ్యి పడిపోనాది. సుక్కానికేటీ అవలేదమ్మా, ఆడి సేతికే అయ్యింది. మరి మాకేటి తెలుసు? పడవ సంగతి తెలిసినట్టు మనిసి సంగతి తెలస్తాదా?" గురువులు ఇప్పుడు ఇసకలో కూర్చుని వలలు బాగుచేస్తాడట, ఒక కొస కాలి వేళ్లతో పట్టుకుని. ఆ మాట కూడా మామూలుగానే చెప్పి, చందువాలు తీసుకుంతావా, కవళ్లు తీసుకుంతావా అని అడిగింది. ఏం తీసుకున్నానో గుర్తులేదు. కవళ్లే అయుంటాయి, ముళ్లు తియ్యలేక మధ్యాన్నం బావ సగం అన్నం వదిలేశాడు. కవళ్లు ముళ్లతో సహా నమిలే మనిషి.

కింద ఠంగుమంది.

"ఏటది?"

"స్పానరు. జారిపోనాది. జిడ్డు."

ఇది రెండోసారి. సూరి ముందు అద్దంలోంచి నా వంక చూశాడు. నేను దారం వంక చూశాను.

సూరికి తెలుసు. స్టీలు ప్లాంటు కడుతున్నచోటికి కంకర లారీ తోలేవాడు, చేతి కింద చక్రం ఏమంటోందో వాడికి తెలియకపోవడమేమిటి. గురువారం బావ డ్యూటీలో ఉండగా నేనే వాణ్ని పిలిచి, బజారుకి తీసుకెళ్లరా అని వంక చెప్పి, బీచ్ రోడ్డుకి పోనిమ్మన్నాను. ఖాళీ రోడ్డు మీద వాడు రెండు చేతులూ పైకెత్తేసి "సూడు వదినా" అన్నాడు. ఫియట్ గీత గీసినట్టు పోయింది. వీధిదీపాల స్తంభాలు ఒకటి, రెండు, మూడు, నాలుగు దాటాయి. ఎడమ పక్క ఇళ్లు, కుడిపక్క సముద్రం, వాటి మధ్యన బండి ఎటూ చూడకుండా పోయింది. "బండి బంగారం వదినా," అన్నాడు. ఆ తర్వాత ఇంకేదో అనబోయి, గేరు మార్చి ఊరుకున్నాడు. అన్నని గురించి వాడి నోటితో వాడు ఎలా అంటాడు? నేను మాత్రం అన్నానా? గురువారంనుంచి ఆదివారందాకా మూడు రోజులు ఆ మాట నోట్లో పెట్టుకుని వండాను, వడ్డించాను, కుట్టాను.

మూడు రోజులే అనుకుంటే నన్ను నేను మోసం చేసుకోవడం. సంక్రాంతి వెళ్లాక, పెందుర్తిలో పెళ్లి చూసుకుని వస్తున్న రోజునుంచీ లెక్కపెట్టాలి. బావ తోలుతున్నాడు. ఎదురుగా బస్సు లేదు, పక్కన లారీ లేదు, బండి తనంత తను ఎడమకి ఒరిగి రోడ్డు దిగి, సోడాబండిని రాసుకుని ఆగింది. సీసాలు పగిలి గోళీలు దొర్లుకుంటూ పోయాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సోడా అతను తిట్టాడు, తిట్టించుకుని పగిలిన సీసాల డబ్బులిచ్చాం. నాకు గుర్తున్నది అది కాదు. బావ దిగి తిన్నగా ముందుకెళ్లి, వంగి, చక్రం వంక చూశాడు. ఎడం చెయ్యి పక్కన వేలాడుతోంది. నేను ఆ చేతి వంక చూశాను. ఇద్దరం చెరొకటీ చూసుకుని, ఇంటికొచ్చేదాకా చక్రాన్ని గురించే మాట్లాడుకున్నాం.

ఆ మర్నాటినుంచి నేను ఏం చేశాను? మంచినీళ్ల గ్లాసు ఆయన కుడిపక్కకి జరిపాను. ఎవరూ చెప్పలేదు, నా చెయ్యి దానంతట అదే జరిపింది. రెండుసార్లు గ్లాసు పడిపోయాక పట్టుకోడానికి వీలుగా చెంబు పెట్టాను. చొక్కా గుండీలు నేనే పెట్టడం మొదలెట్టాను. ఏటే ఈ ముద్దు, అన్నాడు మొదటిరోజు. రెండోరోజు మెడ ఎత్తి నిలబడ్డాడు. కాజాలు బిగువుగా ఉన్నాయి, కుట్టినవాడు చేతకానివాడు అన్నాను. ఆ చొక్కా కుట్టింది నేనే. కేరేజీ మూత గట్టిగా నొక్కకుండా వదులుగా పెట్టాను. ఆయన బండి కింద పడుకుని నట్లు తిప్పుతున్నాడని అత్త నవ్వుతుంది గాని, ఈ నెల్లాళ్లూ ఇల్లంతా నేను తిప్పుతున్నాను, ఆయనకి తగ్గట్టు కుడికి కుడికి. ఒక్కటి కూడా సరిపడలేదు. గ్లాసు జరిపితే చెయ్యి వస్తుందా? జాకెట్టు కుట్టేటప్పుడు భుజం వంకరున్న మనిషొస్తే గుడ్డ కాస్త ఎక్కువ వదిలి ఆ వంకర కనిపించకుండా చేస్తాను. అది నాకు బాగా వచ్చిన పని. బాగా వచ్చిన పనే కదా అని ఇక్కడా అదే చేశాను.

ఎందుకు చేశానో కూడా తెలుసు. వచ్చేనెల్లో మెడికల్. క్రేన్ ఎక్కేవాళ్లందరికీ చూస్తారు, కళ్లు, చెవులు, చేతి పట్టు. అందులో తప్పినవాళ్లని తీసెయ్యరు, గేటు దగ్గర కుర్చీ వేస్తారు. బావ స్నేహితుడు సన్యాసిరాజుకి రెండేళ్లక్రితం కళ్లు సరిగ్గా ఆనక అలాగే అయింది. వచ్చే లారీ, పోయే లారీ నంబరు రాసుకోవడం. బావ అతన్ని చూసొచ్చిన రాత్రి అన్నం తినలేదు. "పైనుంచి సముద్రం సూసినోడు, లారీల ఎనక నంబర్లు సూత్తన్నాడు," అన్నాడు. నాకు ఆ మాట ఎంత గట్టిగా అతుక్కుపోయిందంటే, ఆయన ఎడం చెయ్యి అన్నం కంచం పక్కన చచ్చినట్టు పడుండడం చూసినప్పుడల్లా నాకు కనిపించింది ఆ కుర్చీయే. ఆ చేతికింద ఇంకో చోట, హుక్కు కింద, తలెత్తి చెయ్యి ఊపుతూ నిలబడ్డ మనుషులు కనిపించలేదు. వాళ్లకీ ఇంటిదగ్గర గ్లాసులు జరిపేవాళ్లు ఉంటారు.

"ముందు కొలత రాసుకో తాయారూ," కిందనుంచి బావ. "నలబై ఏడుంపావు. ఎనకాల..." టేపు జరిగిన చప్పుడు. "నలబై ఏడుంపావు మీద ఒక నూలు."

అంగుళంలో ఎనిమిదో వంతు ఒక నూలు. తాయారు రాసుకుని, "ఎంతుండాలి నాన్నా?" అంది.

అత్త చిక్కుడుకాయ తుంచిన చప్పుడు వినిపించింది.

"అంతే ఉండాల," అన్నాడు. "ముందు ఒక నూలు తక్కువుండాల. అంతే ఉంది." మళ్లీ, "అయినా ఓ అరసుట్టు తిప్పి సూత్తాను."

"సరిగ్గా ఉంటే తిప్పడమేటి?" అన్నాను.

"సరిగ్గా ఉంటే ఎందుకు లాగుతాది?"

నేను దారం పీట కాలికి చుట్టేసి లేచాను. బంపరు కిందకి వంగి చూశాను. మొదటి ఆదివారం, ఎక్కణ్నించి తిప్పామో తెలియాలి కదా అని, ఆ కడ్డీ మీదా నట్టు మీదా కలిసేలాగ నా కుట్టు సుద్దతో ఒక గీత గీశాను. బావ మెచ్చుకున్నాడు కూడా. నాలుగు వారాలు ఒకసారి ఇటు అరచుట్టు, ఒకసారి అటు అరచుట్టు. ఇప్పుడు కడ్డీ మీది గీతా నట్టు మీది గీతా మళ్లీ ఒకటైపోయాయి. బయల్దేరిన చోటికే వచ్చాం. టైరు వంక చూశాను. వినాయక చవితికి వేయించిన టైర్లు, పళ్లు ఈ అంచునుంచి ఆ అంచుదాకా ఒకలాగే అరిగాయి. చక్రం వంకరైతే ఒక అంచే అరగాలి, అది బావే చెప్పాడు. టైరు అబద్ధమాడదు అన్నాడు. బండి కిందనుంచి ఆయన పాదాలు బయటికున్నాయి. కుడి పాదం నిటారుగా ఆకాశం వంక చూస్తోంది. ఎడం పాదం పక్కకి ఒరిగిపోయి ఉంది, నిద్రపోయే పిల్లాడి తలలా. ఆ పాదాల పక్కనే విప్పిన చెప్పులు. దీపావళికి కొన్న తోలుచెప్పులు.

వాటిని చేతిలోకి తీసుకుని తిరగేశాను. కుడిది అడుగంతా సమంగా అరిగింది. ఎడమది మడమ దగ్గర కొత్తదానిలా ఉంది, వేళ్ల దగ్గర తోలు పొరలుపొరలుగా లేచి సన్నగా, కాగితంలా అయిపోయింది. పాదం ఎత్తలేక ఈడ్చుకుంటూ నడిచిన చెప్పు. ఇదొక్కటీ నేను జరపలేదు. రోజూ గుమ్మంలోనే ఉంది, దీన్ని దాటుకుంటూ తిరిగాను. ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. కత్తెర పెట్టబోయేముందు గుడ్డ మీద గీత సరిగ్గా పడిందని తెలిసినప్పుడు చెయ్యి నెమ్మదిస్తుంది, అలాగ నెమ్మదించింది.

"బావా, బయటికి రా."

"ఇంకా అవ్వలేదే."

"అయిపోయింది. రా."

కుడి మోచెయ్యి ఆనించి, వీపు మీద పాకుతూ వచ్చాడు. చెంప మీద గ్రీజు. నా మొహం చూసి, చేతుల్లోకి చూశాడు. చెప్పులు రెండూ వెల్లకిలా టైరు పక్కన పెట్టాను.

"రాళ్లకి అరిగిపోనాది," అన్నాడు.

"కుడిదీ ఆ రాళ్ల మీదే నడిచింది కదా బావా. కొలత అక్కర్లేదన్నావు. తేడా సూడమన్నావు. సూడు."

చూశాడు. చాలాసేపు చూశాడు. కుడి చేత్తో ఎడం చేతిని పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాడు, వేరేవాళ్ల వస్తువుని పెట్టుకున్నట్టు. "మెడికల్ అయిపోనీయే," అన్నాడు, నాకొక్కదానికే వినబడేట్టు. "ఒక్క నెల. తరవాత నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికొస్తాను. ఇప్పుడెల్తే గేటుకాడ కుర్సీయే."

"కుర్చీ ఏస్తే కూర్చుంటావు. కేరేజీ నేను పట్టుకొస్తాను."

"నాకు సేతనౌనే గౌరీ. ఇంకా సేతనౌను."

"చేతనైతే డాక్టరు చెప్తాడు. హుక్కు కింద మనుషులుంటారు బావా."

ఆయన తల తిప్పి కొండ వంక చూశాడు. బండిలో అత్త చెయ్యి చేటలో ఆగిపోయింది. తాయారు పుస్తకం మూసేసింది. సూరి స్టీరింగుని రెండు చేతులా, నాలుగు వారాలుగా వాళ్లన్న పట్టుకోమన్నట్టే, తిన్నగా పట్టుకునే ఉన్నాడు.

పది నిమిషాలు ఆగితే వీళ్లందరూ దిగిపోతారు. అత్త పొయ్యి దగ్గరికి, తాయారు చదువుకి, సూరి వాళ్లింటికి. బావ స్నానం చేస్తాడు, నేను గుండీలు పెడతాను, తెల్లారుతుంది. ఇప్పుడైతే ఎవరి జాగాలో వాళ్లున్నారు. దారం స్టూలు కాలినుంచి విప్పి, ఉండ చుట్టి, వెనక తలుపు తీశాను.

"ఎవరూ ఇళ్లకెళ్లొద్దు," అన్నాను. గొంతు పెంచలేదు, పెంచవలసినంత దూరంలో ఎవరూ లేరు. "సూరీ, ఈ బస్తా ఒక్కటీ దించి అరుగు మీద పెట్టు. మళ్లీ నువ్వే కూర్చో. అత్తా, కొంచెం అటు జరుగు. బావ మనిద్దరి మధ్యా కూర్చుంటాడు."

"ఎక్కడికమ్మా?" అంది తాయారు.

అత్త అడగలేదు. చేట ఎత్తి ముందు సీట్లోకి మనవరాలికి అందించి, కిటికీ వైపుకి జరిగి, కొడుకు కోసం సీటు మీద పడ్డ చిక్కుడు ఈనెలు అరచేత్తో తుడిచింది. సూరి బస్తా భుజానికెత్తుకున్నాడు. బండి వెనక వైపు కాస్త పైకి లేచింది.

"పెద్దాసుపత్రికి," అన్నాను. "ఇప్పుడే. రేపు మీ నాన్న క్రేన్ ఎక్కరు."